కవరు మీద మొల్ల

1. కోటమ్మకు ఉత్తరం

గుంటూరు జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్లో మిరప చేలు ఎక్కువ. కోటమ్మ ఆ చేలల్లో కూలికి వెళుతుంది.

అది 2017వ సంవత్సరం. శ్రావణ మాసం. కోటమ్మ కలుపు తీసి అప్పుడే ఇంటికి వచ్చింది. కాళ్లు కడుక్కుంటోంది. వాకిట్లో సైకిలు బెల్లు మోగింది.

"కోటమ్మా! ఉత్తరం" అన్నాడు పోస్టుమేను.

"ఆయన ఇంట్లో లేడు బాబాయ్" అంది కోటమ్మ.

"ఆయనకు కాదు. నీకే. నీ పేరు మీదే వచ్చింది."

కోటమ్మ నమ్మలేకపోయింది. తన పేరు మీద ఉత్తరం రావడం అదే మొదటిసారి. ఇంటికి ఏ కాగితం వచ్చినా భర్త పేరు మీదే వచ్చేది.

"చదివి పెట్టమంటావా?" అన్నాడు పోస్టుమేను.

"వద్దు బాబాయ్. నేను చదువుకుంటా" అంది కోటమ్మ.

మూడేళ్ల కిందట బ్యాంకు నుంచి ఒక కాగితం వచ్చింది. అప్పుడు కోటమ్మకు చదువు రాదు. పక్కింటి వాళ్లతో చదివించుకుంది. సాయంత్రానికి వీళ్ల అప్పు ఎంతో వీధి వీధంతా తెలిసిపోయింది. ఆ సిగ్గు కోటమ్మ మరిచిపోలేదు. అందుకే రాత్రి చదువుల కేంద్రంలో చేరింది. ఏడాది తిరిగేసరికి కూడబలుక్కుని చదవడం నేర్చింది.

కోటమ్మ కవరు అంచు జాగ్రత్తగా చించింది. అరుగు మీద కూచుంది. వేలు పెట్టి ఒక్కో మాట చదివింది.

"అమ్మా!
నీకు చదువు వచ్చిందని తమ్ముడు ఫోనులో చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో అయితే అందరూ వింటారు. ఈ మాట నీ ఒక్కదానికే చెప్పాలి.
వచ్చే వేసవిలో నాకు పెళ్లి చేస్తారని తెలిసింది. నాకు ఇంకా 15 ఏళ్లే. నాకు పెళ్లి వద్దు. పది అయ్యాక కూడా చదువుకుంటాను. నాన్నకు నువ్వే చెప్పాలి.
కవరు మీద బిళ్ళ చూడు. అది మొల్ల బొమ్మ. నేనే ఏరి కొన్నాను.
నీ కూతురు అంజలి"

చదవడానికి అరగంట పట్టింది. చదివాక కోటమ్మ చాలాసేపు అక్కడే కూచుంది. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది.

అంజలి హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. ఆ ఏడు మిర్చి ధర పడిపోయింది. అప్పు మిగిలింది. అప్పుడే ఒక సంబంధం వచ్చింది. కట్నం వద్దన్నారు. భర్త సరేనన్నాడు. కోటమ్మ కాదనలేదు. పిల్లను ఎవరూ అడగలేదు.

కోటమ్మ మళ్లీ కవరు చేతిలోకి తీసుకుంది. మూలన చిన్న బిళ్ళ. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ. ఎవరీ మొల్ల? పిల్ల ఈ బిళ్ళనే ఎందుకు ఏరింది? కోటమ్మకు ఆ సంగతి కనుక్కోవాలనిపించింది.

2. 500 అంటే ఎంత?

మర్నాడు కోటమ్మ ఊళ్లో ఉన్న పోస్టాఫీసుకు వెళ్లింది. అది పెద్ద మేడ కాదు. ఒక గది, ఒక బల్ల, ఒక పెట్టె. పోస్టుమాస్టరు ఒక అమ్మాయి.

"రా పిన్నీ, కూచో" అంది పోస్టుమాస్టరమ్మ.

కోటమ్మ కవరు చూపించింది. "అమ్మాయ్, దీని మీద 500 అని ఉంది. ఈ బిళ్ళ ఐదు వందల రూపాయలా? మా పిల్లకు అంత డబ్బు ఎక్కడిది?" అంది భయంగా.

పోస్టుమాస్టరమ్మ నవ్వింది. "అవి రూపాయలు కావు పిన్నీ, పైసలు. నూరు పైసలు ఒక రూపాయి. మరి 500 పైసలు ఎంత?"

కోటమ్మ వేళ్లు ముడిచి లెక్క చూసింది. "ఐదు రూపాయలు!" అంది.

"అంతే. బిళ్ళ మీద 200 అని ఉంటే రెండు రూపాయలు. 1000 అని ఉంటే పది రూపాయలు."

"మరి ఈ అక్షరాలు నేను చదవలేకపోతున్నానేం? నేర్చిందంతా మరిచిపోయానా?"

"మరిచిపోలేదు. అవి తెలుగు అక్షరాలు కావు. ఒకటి హిందీ, ఒకటి ఇంగ్లీషు. ఇక్కడ భారత్ అని, ఇక్కడ ఇండియా అని ఉంది. రెండూ మన దేశం పేర్లే."

కోటమ్మకు ధైర్యం వచ్చింది. "అసలు ఈ బిళ్ళ ఎందుకు?" అని అడిగింది.

"నువ్వు కూలికి వెళితే కూలి ఇస్తారు కదా. ఉత్తరం మోసినందుకు తపాలా శాఖకు కూడా కూలి ఇవ్వాలి. ఆ కూలి ముందే ఇచ్చాం అని చెప్పే గుర్తు ఈ బిళ్ళ. దీన్ని తపాలా బిళ్ళ అంటారు. స్టాంపు అని కూడా అంటారు. దీని మీద ముద్ర పడిందంటే దాని పని అయిపోయినట్టు. ఆ బిళ్ళను ఊడదీసి ఇంకో కవరుకు అంటించకూడదు. అది తప్పు."

తపాలా బిళ్ళల్లో రెండు రకాలు ఉన్నాయి.

ఒకటి మామూలు బిళ్ళలు. ఇవి రోజూ అమ్మేవి. ఒకే బొమ్మతో మళ్లీ మళ్లీ అచ్చు వేస్తారు.

రెండోది స్మారక బిళ్ళలు. స్మారకం అంటే తలచుకోవడం. ఒక గొప్ప మనిషిని, ఒక గొప్ప కట్టడాన్ని, ఒక మంచి రోజును తలచుకోవడానికి వీటిని వేస్తారు. కొన్ని మాత్రమే వేస్తారు. అయిపోతే అయిపోయినట్టే.

అంజలి అంటించింది స్మారక బిళ్ళ.

3. రాజు తల పోయింది, జెండా వచ్చింది

పోస్టుమాస్టరమ్మకు బిళ్ళలు దాచుకునే అలవాటు ఉంది. బల్ల సొరుగులోంచి ఒక పుస్తకం తీసింది. అందులో కొన్ని అసలు బిళ్ళలు. కొన్ని పేపర్లో వచ్చిన బొమ్మలు, కత్తిరించి అంటించినవి.

మన దేశమంతటికీ పనికివచ్చే బిళ్ళలు 1854లో వచ్చాయి. అప్పుడు ఇంగ్లీషు వాళ్లు ఏలుతున్నారు. బిళ్ళ మీద విక్టోరియా రాణి తల ఉండేది. ఆ తరవాత వాళ్ల రాజుల తలలు వచ్చాయి. ఉత్తరం రాసేది మన వాళ్లు. మోసేది మన వాళ్లు. బొమ్మ మాత్రం వాళ్ల రాజుది.

హైదరాబాదు నిజాం రాజ్యానికి వేరే బిళ్ళలు ఉండేవి. 1931లో నిజాం సర్కారు చార్మినార్ బొమ్మతో బిళ్ళ వేసింది. అజంతా గుహల వాకిలి బొమ్మతో ఇంకొకటి వేసింది.

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడు నవంబరు 21న స్వతంత్ర భారతదేశపు మొదటి బిళ్ళ వచ్చింది. దాని మీద రాజు లేడు, రాణి లేదు. మన మూడు రంగుల జెండా ఉంది. 'జై హింద్' అని రాసి ఉంది. దాని వెల మూడున్నర అణాలు. ఆ రోజుల్లో 16 అణాలు ఒక రూపాయి.

డిసెంబరు 15న ఇంకో బిళ్ళ వచ్చింది. దాని మీద అశోకుడి సింహాల బొమ్మ. మన డబ్బు నోట్ల మీద మనం చూసే గుర్తు అదే.

1948 జనవరి 30న గాంధీ గారిని చంపారు. ఆ ఏడు ఆగస్టు 15న గాంధీ గారి బొమ్మతో నాలుగు బిళ్ళలు వేశారు. వాటి మీద 'బాపు' అని హిందీలోనూ, ఉర్దూలోనూ రాశారు. బాపు అంటే నాన్న.

1949లో మామూలు బిళ్ళల మీద కూడా మన పాత కట్టడాల బొమ్మలు వచ్చాయి. సాంచీ స్తూపం వచ్చింది. తాజ్ మహల్ వచ్చింది. అమృత్ సర్ బంగారు గుడి, ఢిల్లీ ఎర్రకోట వచ్చాయి. అంటే బౌద్ధులవి, ముస్లిములవి, సిక్కులవి, హిందువులవి, జైనులవి, అందరివీ వచ్చాయి.

"ఇదంతా మన వారసత్వం పిన్నీ" అంది పోస్టుమాస్టరమ్మ.

"వారసత్వమంటే?"

"మీ అత్త నీకు ఏమిచ్చింది?"

"ఒక రోలు ఇచ్చింది. నాట్ల పాటలు నేర్పింది" అంది కోటమ్మ.

"అదే వారసత్వం. పెద్దవాళ్ల నుంచి మనకు వచ్చింది, మనం పిల్లలకు ఇవ్వాల్సింది. ఇంటికి ఉన్నట్టే దేశానికీ ఉంటుంది."

కోటమ్మ పుస్తకం తిప్పింది. "అన్నీ కోటలు, గుళ్లేనా? రెక్కల కష్టం చేసుకునేవాళ్లు ఈ బిళ్ళల మీద లేరా?" అని అడిగింది.

"ఎందుకు లేరు? ఇదిగో" అని ఒక పేజీ చూపించింది. 1952లో ఆరుగురు కవుల బొమ్మలతో ఆరు బిళ్ళలు వేశారు. వాళ్లలో కబీరు ఉన్నాడు. ఆయన నేతగాళ్ల ఇంట్లో పెరిగాడు. వాళ్లలో ఒక ఆడమనిషి కూడా ఉంది. ఆమె మీరాబాయి. రాజస్థాన్ లో రాజుల ఇంటి కోడలు. ఇంట్లో వాళ్లు వద్దన్నా వినకుండా కృష్ణుడి మీద పాటలు పాడింది. మన దేశపు బిళ్ళకు ఎక్కిన మొదటి భారత స్త్రీ ఆమే. ఆ బిళ్ళ వెల రెండు అణాలు.

4. బిళ్ళకు ఎక్కిన ఆడవాళ్లు

మీరాబాయి తరవాత ఇంకా చాలామంది ఆడవాళ్లు వచ్చారు. కొందరి సంగతి తెలుసుకుందాం.

ఝాన్సీ లక్ష్మీబాయి: 1857లో తెల్లవాళ్ల మీద తిరుగుబాటు జరిగింది. ఝాన్సీ రాణి గుర్రమెక్కి కత్తి పట్టింది. నూరేళ్ల తరవాత 1957లో ఆమె బొమ్మతో బిళ్ళ వచ్చింది.

సరోజినీ నాయుడు: హైదరాబాదులో పుట్టారు. కవిత్వం రాశారు. గాంధీ గారితో కలిసి ఉప్పు సత్యాగ్రహం చేశారు. జైలుకు వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చాక ఒక రాష్ట్రానికి గవర్నరు అయ్యారు. 1964లో ఆమె బొమ్మతో బిళ్ళ వచ్చింది.

దుర్గాబాయి దేశ్ ముఖ్: రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లిని ఆమె ఒప్పుకోలేదు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ సభలు జరిగాయి. ఖద్దరు ప్రదర్శన వాకిట్లో దుర్గాబాయి కాపలా ఉంది. అప్పటికి చిన్నపిల్ల. నెహ్రూ గారు వచ్చారు. ఆయన దగ్గర టిక్కెట్టు లేదు. టిక్కెట్టు లేకపోతే లోపలికి పంపనంది. టిక్కెట్టు కొన్నాకే ఆయన లోపలికి వెళ్లారు. ఆమె ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. జైలు నుంచి వచ్చాక మెట్రిక్ పరీక్షకు కూచున్నారు. ఆ తరవాత బి.ఏ., ఆ తరవాత లా చదివారు. ఆంధ్ర మహిళా సభ పెట్టి ఎందరో ఆడవాళ్లకు చదువు చెప్పించారు. 1982లో ఆమె బొమ్మతో 50 పైసల బిళ్ళ వచ్చింది.

సావిత్రీబాయి ఫూలే: మహారాష్ట్ర ఆడపడుచు. తొమ్మిదేళ్లకు పెళ్లయింది. అప్పటికి అక్షరం రాదు. భర్త జ్యోతిబా ఆమెకు చదువు చెప్పాడు. 1848లో ఇద్దరూ కలిసి పుణేలో ఆడపిల్లలకు బడి పెట్టారు. సావిత్రీబాయి అక్కడ పంతులమ్మ అయింది. బడికి పోయే దారిలో జనం ఆమె మీద బురద చల్లారు. పేడ విసిరారు. ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేది. బడికి చేరాక చీర మార్చుకుని పాఠం చెప్పేది. 1897లో ప్లేగు రోగం వచ్చింది. రోగులకు సేవ చేస్తూ ఆ రోగంతోనే మార్చి 10న చనిపోయింది. 1998 మార్చి 10న ఆమె బొమ్మతో రెండు రూపాయల బిళ్ళ వచ్చింది.

ఆమె బతికి ఉండగా పేడ విసిరారు. పోయిన 101 ఏళ్లకు బిళ్ళ వేశారు.

మొల్ల: కొన్ని వందల ఏళ్ల కిందటి తెలుగు కవయిత్రి. కుమ్మరి ఇంటి బిడ్డ అని చెబుతారు. ఆ రోజుల్లో కావ్యాలు రాసేది ఎక్కువగా మగవాళ్లే. మొల్ల తెలుగులో రామాయణం రాసింది. తనకు పెద్ద చదువులు లేవని అందులో తానే చెప్పుకుంది. అయినా ఆ పుస్తకం నిలిచింది. ఈ రోజుకీ దాన్ని మొల్ల రామాయణం అంటారు. 2017 ఏప్రిల్ లో మొల్ల బొమ్మతో బిళ్ళ వచ్చింది. అంజలి ఏరి కొన్నది ఆ బిళ్ళే.

"ఎవరి బొమ్మ వెయ్యాలో ఎవరు చెబుతారు?" అని అడిగింది కోటమ్మ.

"ఫలానా వారి బొమ్మ వెయ్యండి అని ఎవరైనా తపాలా శాఖకు రాయవచ్చు. సలహా చెప్పడానికి ఒక సంఘం ఉంది. వాళ్లు చూసి మంచిది అంటే, సర్కారు ఒప్పుకుంటే, బిళ్ళ వేస్తారు."

"ఎవరైనా అంటే నేను కూడానా?"

"నువ్వు కూడా పిన్నీ. ఇప్పుడు నీకు రాయడం వచ్చు కదా."

కోటమ్మ కవరు కొంగున కట్టుకుని ఇంటికి బయలుదేరింది. దారంతా సావిత్రీబాయి సంచిలోని చీరే మనసులో మెదిలింది.

5. "ఇంకోసారి చదువు"

రాత్రి అన్నాలయ్యాయి. పిల్లవాడు నిద్రపోయాడు. కోటమ్మ దీపం కింద కూచుని ఉత్తరం తీసింది.

"అంజలి రాసింది. చదువుతా, విను" అంది భర్తతో.

ఆమె ఆగి ఆగి చదివింది. అతను చుట్ట పక్కన పెట్టాడు. అయిపోయాక ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి "ఇంకోసారి చదువు" అన్నాడు.

కోటమ్మ ఇంకోసారి చదివింది. ఈసారి తడబడలేదు.

"కట్నం వద్దన్నారు కదే. ఇట్లాంటి సంబంధం మళ్లీ వస్తుందా? అప్పు చూస్తే అంత ఉంది" అన్నాడు.

"అప్పు మనం చేసింది. పిల్ల ఎందుకు తీర్చాలి?" అంది కోటమ్మ. "పద్దెనిమిది ఏళ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేస్తే చట్టం ఒప్పుకోదు. అది అట్లా ఉంచు. ఇవ్వాళ పోస్టాఫీసులో విన్నా. దుర్గాబాయమ్మకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారంట. పెద్దయ్యాక ఆమె వద్దంది. మన పిల్ల ముందుగానే వద్దంటోంది. ఇప్పుడే వింటే మంచిది కదా?"

"లోకం ఏమంటుంది?"

"లోకం సావిత్రీబాయి మీద పేడ విసిరింది. ఆ లోకమే ఇప్పుడు ఆమె బొమ్మకు దండ వేస్తోంది. లోకం మాట అట్లాగే ఉంటుంది."

అతను ఆ రాత్రి సరేననలేదు. మర్నాడూ అనలేదు. మూడో రోజు పొలానికి వెళ్తూ వాకిట్లో ఆగాడు. "పది పూర్తి కానీ. ఆ తరవాత చదివించే సంగతి హెడ్మాస్టరు గారిని అడుగుదాం. పెళ్లివాళ్లకు నేను చెబుతాలే" అన్నాడు.

6. కోటమ్మ జవాబు

ఆ మధ్యాహ్నం కోటమ్మ కాగితం, కలం తీసుకుంది. నాలుగు ముక్కలు రాసింది.

"అంజలీ!
నీ ఉత్తరం నేనే చదివాను. నాన్నకు కూడా చదివాను. పెళ్లి మాట ఆగింది. నువ్వు చదువుకో. మొల్ల సంగతి తెలుసుకున్నాను.
మీ అమ్మ కోటమ్మ"

రెండు చోట్ల వత్తు తప్పింది. అయినా ఫరవాలేదు. అంజలికి అర్థమవుతుంది.

కోటమ్మ పోస్టాఫీసుకు వెళ్లింది. "అమ్మాయ్, మొల్ల బిళ్ళ ఉందా?" అని అడిగింది.

"మన దగ్గర లేదు పిన్నీ. మామూలు బిళ్ళే ఉంది."

"సరే, అదే ఇవ్వు. ఏ బిళ్ళయినా ఉత్తరం చేరుతుంది కదా."

కవరు మీద చిరునామా కోటమ్మే రాసింది. కుడి చేతి వైపు, పై మూలన బిళ్ళ అంటించింది. డబ్బాలో వేసింది. కవరు లోపల పడిన చప్పుడు విన్నాకే కదిలింది.

అంజలి పంపిన కవరు ఇప్పుడు కోటమ్మ రేకు పెట్టెలో ఉంది. రేషను కార్డు, పొలం పుస్తకం ఉన్న చోటే దాన్నీ దాచింది. బిళ్ళ ఊడదియ్యలేదు.

గుర్తు పెట్టుకోండి

* ఉత్తరం మోసినందుకు ఇచ్చే కూలికి గుర్తు తపాలా బిళ్ళ.
* బిళ్ళ మీద వెల పైసల్లో ఉంటుంది. 500 అంటే ఐదు రూపాయలు.
* ముద్ర పడిన బిళ్ళ మళ్లీ వాడకూడదు. దాచుకోవచ్చు.
* చిరునామాలో పేరు, ఊరు, మండలం, జిల్లా రాయాలి. చివర ఆరు అంకెల పిన్ నంబరు రాయాలి.
* ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చెయ్యకూడదు.

చెప్పండి చూద్దాం

1. స్వతంత్ర భారతదేశపు మొదటి బిళ్ళ మీద ఏ బొమ్మ ఉంది?
2. మన దేశపు బిళ్ళకు ఎక్కిన మొదటి భారత స్త్రీ ఎవరు?
3. సావిత్రీబాయి సంచిలో ఇంకో చీర ఎందుకు పెట్టుకునేది?
4. అంజలి ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాసింది?
5. అంజలి మొల్ల బిళ్ళనే ఎందుకు ఏరి ఉంటుంది? మీకు ఏమనిపిస్తుంది? అందరూ కలిసి మాట్లాడుకోండి.

మీరూ చెయ్యండి

* మీ ఇంట్లో పాత కవర్లు ఉంటే తీయండి. బిళ్ళ మీది అంకె చదవండి. ముద్ర మీది తారీఖు చదవండి.
* దూరంగా ఉన్న మీ వాళ్లకు నాలుగు ముక్కలు ఉత్తరం రాయండి. చిరునామా మీరే రాయండి. బిళ్ళ మీరే కొని అంటించండి.
* మీ ఊరికి మేలు చేసిన ఒక ఆడమనిషిని తలచుకోండి. ఆమె బొమ్మతో బిళ్ళ వేస్తే కింద ఏమి రాస్తారు? ఒక్క మాటలో రాయండి.